మాథ్యూస్ అరీనాని కూల్చడం కరెక్టేనా? పాత హస్కీలు (నార్త్‌ఈస్టర్న్ వాళ్ళు) చెప్పండి

పక్_పిచ్చోడు:
బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళలో ఎంతమందికి ఈ బాధ ఉందో గానీ నాకైతే ఇంకా దిగలేదు. మన యూనివర్సిటీ ఐస్ హాకీ ఆడే చోటు, 1910 నాటి బిల్డింగ్, అప్పట్లో దాని పేరు బోస్టన్ అరీనా, 1924లో బోస్టన్ ప్రొఫెషనల్ హాకీ టీమ్ బ్రూయిన్స్ మొట్టమొదటి మ్యాచ్ ఆడింది అందులోనే, 1952లో మొదటి బీన్‌పాట్ (బోస్టన్ నాలుగు కాలేజీల టోర్నీ) కూడా అక్కడే (హార్వర్డ్ గెలిచింది, మన ఖర్మ). 2025 డిసెంబర్‌లో బీయూతో (బోస్టన్ యూనివర్సిటీ) ఆఖరి మ్యాచ్ ఆడించి మూసేశారు. అక్కడికి నడిచెళ్ళేంత దూరంలో ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ స్టేడియం 1912ది, దాన్నేమో కళ్ళకద్దుకుంటారు, అంతకంటే రెండేళ్ళు పెద్దదాన్ని కూల్చేస్తారా?

నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి, అంతే. స్టూడెంట్స్‌కి ఫ్రీ రా అని రూమ్మేట్ అంటే వెళ్ళా, ఫ్రీ అంటే మనం ఎక్కడికి వెళ్ళం చెప్పండి. లోపల కూడా చలే, మంకీ క్యాప్ తియ్యలేదు. స్టూడెంట్స్ నిలబడే డాగ్‌హౌస్‌లో ఇరికించాడు, పక్ (బంతి బదులు కొట్టే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో కనపడితే ఒట్టు. ఇంతలో మనోళ్ళు గోల్ కొట్టారు, అందరూ అవతలి గోలీ వైపు వేలు చూపించి సివ్ సివ్ అని ఒకటే అరుపులు. ఏంట్రా అంటే జల్లెడ అంట! పక్ ఆపలేనోడు జల్లెడ. మా అమ్మమ్మ పిండి జల్లించే జల్లెడ గుర్తొచ్చి నవ్వాగలేదు, తర్వాతి గోల్‌కి నేను తెలుగులోనే అరిచా, పక్కనున్న తెల్లబ్బాయి అర్థం అడిగి మరీ వాడూ "జల్లెడా" అని మొదలెట్టాడు.

స్తంభాల_రావు:
తమ్ముడూ నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, ఏమనుకోకు. ఫెన్‌వేకి పైన ఆకాశం, దీనికి పెద్ద కప్పు. బోస్టన్‌లో ఆ బ్యాక్ బే ఏరియా చుట్టుపక్కలంతా పూడ్చిన నేల, పాతవన్నీ చెక్క దుంగలు దిగ్గొట్టి కట్టినవే, దుంగ నీళ్ళలో మునిగున్నంతకాలం రాయిలా ఉంటుంది, భూగర్భ నీళ్ళు దిగిపోయి తలకి గాలి తగిలిందా, కుళ్ళు మొదలు. బిల్డింగ్ ఆయుష్షు అయిపోయిందని యూనివర్సిటీనే చెప్పింది. వేలమంది గంతులేసే చోట సెంటిమెంట్ కప్పుని మొయ్యదు. పైగా 1918లో కాలిపోతే మళ్ళీ కట్టి 1921లో తెరిచారు, నువ్వు మొత్తం 1910ది అనుకుంటున్నావు.

ఎల్బీ_గ్యాలరీ:
రావుగారితో సగం ఒప్పుకుంటా. మా హైదరాబాద్ సంగతి చూడండి, 1999లో సచిన్ న్యూజిలాండ్ మీద 186 కొట్టింది ఎల్బీ స్టేడియంలో. దాన్ని ఎవరూ కూల్చలేదు, భేషుగ్గా ఉంది, కానీ పెద్ద మ్యాచులన్నీ ఉప్పల్‌కి పోయాయి, ఇప్పుడక్కడ ప్రమాణస్వీకారాలు చేసుకుంటున్నారు. బోస్టన్‌లో అదే స్థలంలో కొత్తది కడుతున్నారు కదా, ఆట వీధి దాటి పోలేదు.

హస్కీ_అక్క:
అందరూ అబ్బాయిల టీమ్ గురించేనా. మన అమ్మాయిల టీమ్‌లో అలీనా ముల్లర్, ఏరిన్ ఫ్రాంకెల్ ఆడింది నేను అక్కడే చూశా, గ్లాస్‌కి ఆనుకుని, ఎవరైనా బోర్డులకి గుద్దుకుంటే ఆ వణుకు అరచేతికి తెలిసేది. కూల్చడం మీద నాకు గొడవ లేదు, మధ్యలో ఖాళీ మీదే. కొత్తది 2028కి అంటున్నారు. ఇప్పుడు చేరిన ఎమ్మెస్ పిల్లలు రెండేళ్ళలో వెళ్ళిపోతారు, వాళ్ళకి సొంత ఐస్ మీద ఒక్క మ్యాచ్ కూడా ఉండదు. పరాయి రింకులకి ట్రైన్ ఎక్కి ఎవరెళ్తారు, అసైన్‌మెంట్లు పెట్టుకుని?

స్తంభాల_రావు:
అమ్మా అది నిజమే. కానీ 2018లో 30 ఏళ్ళ తర్వాత బీన్‌పాట్ గెలిచినప్పుడు మీరంతా ఏడ్చింది ఎక్కడ? టీడీ గార్డెన్‌లో, ఊళ్ళోని ఇంకో పెద్ద అరీనాలో! అప్పుడు పాత బిల్డింగ్ గుర్తొచ్చిందా?

పక్_పిచ్చోడు:
దెబ్బ కొట్టారు రావుగారూ, ఏడ్చిన మాట నిజం, గుర్తు రాని మాటా నిజం. కానీ ఆ రాత్రి గార్డెన్‌లో నేను జల్లెడా అని అరిస్తే నా గొంతు నాకే వినపళ్ళేదు. మాథ్యూస్‌లో బాల్కనీ నెత్తి మీదకొచ్చినట్టుండేది, మూడు వరసల అవతలోడు కూడా తిరిగి చూసేవాడు. సరే, మీరు ఆ లైన్లోనే ఉన్నారుగా, కొత్తదాని డ్రాయింగులు చూశారా? బాల్కనీ ఐస్‌కి ఎంత దగ్గర పెడుతున్నారు?