బ్రిటన్, జర్మనీ పద్ధతులను కలిపి మనకొక ఆరోగ్య వ్యవస్థ: సాధ్యమేనా?

సీతమ్మధార పాఠకుడు:
పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం బ్రిటన్ పద్ధతి, 1948 నుంచి. జీతంలో కోత పెట్టి నడిపే బీమా జర్మనీ పద్ధతి, 1883 నుంచి. రెండింటినీ కలిపి దేశమంతటికీ ఒకే వ్యవస్థ తేలేమా?

కేజీహెచ్ ఎదుట మందుల షాపు:
కలపడం కొత్తేమీ కాదండీ. మన విశాఖలోనే అన్నీ ఉన్నాయి. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఫ్యాక్టరీ కార్మికుడికి జీతంలోంచి చందా కట్టే ఈఎస్ఐ బీమా ఉంది. 2019 నుంచి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమానిది 3.25. నౌకాదళానికి కల్యాణి ఆసుపత్రి. ఉక్కు, పోర్టు, రైల్వే ఉద్యోగులకు ఎవరి ఆసుపత్రి వారిది. పేదలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం. రోగాన్ని బట్టి కాక కొలువును బట్టి వైద్యం! కాంట్రాక్టు పని పోతే కొన్నాళ్లకు ఈఎస్ఐ కూడా పోతుంది.

నా కౌంటరు దగ్గర రోజూ చూసేది చెబుతాను. బీపీ, షుగరు మాత్రలు నెలకు రాసిన చీటీ తెస్తారు. చేతిలోని నోట్లు లెక్కపెట్టుకుని, అయిదు రోజులకు సరిపడా కత్తిరించి ఇమ్మంటారు. ఆ మాత్రలకు ఆరోగ్యశ్రీ డబ్బు రాదు. అవి మానేసి పక్షవాతంతో మంచాన పడితే మాత్రం ఆసుపత్రి చికిత్సకు డబ్బు మంజూరవుతుంది. ఇదెక్కడి న్యాయం? మందులు, పరీక్షలు, ప్రాథమిక వైద్యం పన్నుల డబ్బుతో అందరికీ ఇవ్వాలి. పెద్ద చికిత్సలకు అందరినీ ఒకే బీమా నిధిలో చేర్చాలి. నేను కోరే కలయిక ఇది.

గాజువాక కార్మికుడు:
మా ఈఎస్ఐ సొమ్మును అందరి నిధిలో పోస్తే మాకేం మిగులుతుంది? బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులు చూశాం. రేపు మా చందాకూ అదే గతి పట్టదా?

మందుల షాపు:
మీ భయం న్యాయమైనదే. అందుకే ఆ నిధి ఖజానాలో కలవకుండా చట్టమే అడ్డుకోవాలి, పాలకమండలిలో కార్మికుల ప్రతినిధులు ఉండాలి. థాయిలాండ్ 2002లో పన్నుల డబ్బుతోనే సార్వత్రిక పథకం తెచ్చింది. ఓపీ వైద్యానికి మనిషికి ఏడాదికి ఇంత అని స్థానిక ఆసుపత్రికి ముందే చెల్లిస్తుంది. రోగం ముదరకముందే మాత్రలిస్తే ఆసుపత్రికే ఖర్చు తగ్గుతుంది. అక్కడ కూడా ప్రైవేటు ఉద్యోగుల చందా పథకాన్ని విడిగానే ఉంచారు. కాబట్టి మీ ఈఎస్ఐని ఇప్పుడే కదపనక్కర్లేదు. ముందు మందుల చీటీ సంగతి చూద్దాం.

గాజువాక కార్మికుడు:
మందుల వరకు ఒప్పుకుంటాను. నిధి కలిపే మాట మాత్రం, బకాయిలు లేకుండా రెండేళ్లు నడిపి చూపించాక ఎత్తండి.