ఫోన్‌లో అందరూ ‘సార్’ అంటున్నారు, ఇంట్లో గొంతు సాధనకు వీల్లేదు

తూనీగ:
అందరికీ నమస్తే. నేను ట్రాన్స్ అమ్మాయిని. డాక్టర్ పర్యవేక్షణలో ఈస్ట్రోజెన్ హార్మోన్ మొదలుపెట్టి ఏడాది దాటింది. చర్మం మెత్తబడింది, ముఖం కాస్త నిండింది. బయట కొత్తవాళ్లు ‘అమ్మా’ అనే పలకరిస్తున్నారు. గొంతు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

నా ఉద్యోగమేమో రోజంతా ఫోన్‌లో రిపేరు ఫిర్యాదులు రాసుకోవడం. “నమస్కారం, చెప్పండి” అనగానే “సార్, మా వాషింగ్ మెషిన్ తిరగట్లేదు” అని మొదలవుతుంది. నా పేరు చెప్తే ఒక్క క్షణం ఆగి, “సరే, ఆ మేడమ్‌కి ఫోన్ ఇవ్వండి” అంటారు. ఏ మేడమ్‌కి ఇవ్వను? పోనీ అని గొంతు పైకి లేపి మాట్లాడితే కార్టూన్ బొమ్మలా వస్తోంది. పైగా మధ్యాహ్నానికల్లా మంట.

ఇంట్లో అందరికీ తెలుసు. ఒప్పుకున్నారు అనలేను, ఊరుకున్నారు. సాధన మొదలుపెడితే నాన్న టీవీ సౌండ్ పెంచేస్తారు. నానమ్మవి పాము చెవులు, “ఏమిటే ఆ మూలుగు, ఒంట్లో బాలేదా” అని పక్క గదిలోంచి కేకేస్తుంది. సిగ్గుతో నోరు మూతపడుతుంది.

డోసు పెంచితే గొంతు మారుతుందా? చప్పుడు లేకుండా సాధన చేసే దారి ఏమైనా ఉందా? లేక నేరుగా ఆపరేషనేనా?

మొండిపెన్సిల్:
చెల్లీ, ముందు డోసు సంగతి. పెంచినా గొంతు మారదు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వల్ల స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. ఈస్ట్రోజెన్ వాటిని తిరిగి పలచబరచలేదు. సొంతంగా డోసు పెంచితే గొంతుకు ఒరిగేదేమీ లేకపోగా రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఆ ఆలోచన వదిలెయ్.

ఇక ఫోను గోల. నేనూ ఫోన్ల మీద బతికిన మనిషినే కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. మామూలు మాటల్లో మగవాళ్ల పిచ్, అంటే గొంతు స్థాయి, 100 - 130 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర, ఆడవాళ్లది 180 - 220 దగ్గర ఉంటుంది. పాతకాలపు ఫోన్ లైను మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. అంటే ఎవరి అసలు పిచ్చూ ఆ లైన్లో దూరనే దూరదు! ఆ పిచ్‌తో పాటు పుట్టే పై స్వరాలు విని, మిగతాది అవతలి మనిషి మెదడు పూరించుకుంటుంది. ఇప్పటి లైన్లు మెరుగయ్యాయనుకో, కానీ నీ ముఖం, జుట్టు, బట్టలు ఏవీ సాయం రాని చోటు అది. కాబట్టి పిచ్ ఒక్కటే పట్టుకుని వేలాడితే నువ్వన్న ఆ కార్టూన్ బొమ్మే మిగులుతుంది. లైన్లో చక్కగా వినపడేది రెజొనెన్స్. గొంతు నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం పొడవుగా ఉంటే మాట బరువుగా, పొట్టిగా ఉంటే తేలిగ్గా వినిపిస్తుంది. మగవాళ్లలో అది సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ. ఎముకను మార్చలేం గానీ, నాలుకను ముందుకు తెచ్చి, స్వరపేటికను కాస్త పైన ఉంచడం నేర్చుకోవచ్చు.

మెడ మీద వేలు పెట్టి గుటక వేసి చూడు, స్వరపేటిక పైకి లేవడం తెలుస్తుంది. తర్వాత పెద్ద కుక్క రొప్పినట్టు రొప్పు, వెంటనే చిన్న కుక్కపిల్లలా రొప్పు. లోపల ఏం మారిందో అదే రెజొనెన్స్. నవ్వొస్తే నవ్వు, ఇందులో హుందాగా ఉండటం ఎవరి వల్లా కాదు.

మీ నానమ్మకు వినపడకుండా చేసే మార్గం కూడా ఇందులోనే ఉంది. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, పిచ్ అసలే ఉండదు. మిగిలేది రెజొనెన్స్ ఒక్కటే. అందుకని “నమస్కారం, చెప్పండి” అన్న నీ వాక్యాన్నే గుసగుసగా, ఒకసారి బరువుగా, ఒకసారి తేలిగ్గా అని చూడు. రెండు మూడు నిమిషాలు చాలు, ఎక్కువసేపు వద్దు, గొంతు ఆరిపోతుంది. పట్టు దొరికాక అదే ఆకారంలో సన్నగా స్వరం కలుపు. పిచ్ చూసుకోవాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గీత గీసి చూపిస్తుంది. కానీ రోజంతా ఆ గీతకేసి చూస్తూ కూర్చోకు, పిచ్చెక్కుతుంది.

అటూఇటూ:
నేను నాన్‌బైనరీ, అంటే ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడని మనిషిని. నాది మీకు తలకిందుల కోరిక: అవతలివాళ్లు ‘సార్’ అనాలో ‘మేడమ్’ అనాలో తేల్చుకోలేక నీళ్లు నమిలితే ఆ రోజు నాకు పండగే. 145 - 175 హెర్ట్జ్ మధ్య గొంతు విని చాలామంది తేల్చుకోలేరు. టెస్టోస్టెరాన్ తీసుకుందామా అని చాలా ఆలోచించాను. కానీ దాంతో దిగిన గొంతు మందు మానేసినా తిరిగి పైకి రాదు, అందుకే సాధనతోనే సరిపెట్టుకుంటున్నాను.

నాలాగా ఛాతీకి బైండర్ (చదునుగా కనపడేలా బిగించే బనియను) వేసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సాధనకు ముందు అది తీసేయండి. నిండా ఊపిరి అందకపోతే ఆ పని గొంతు మీద పడుతుంది. బైండర్ రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదనీ, అది వేసుకుని నిద్రపోకూడదనీ ఎలాగూ తెలిసే ఉంటుంది. ఎలాస్టిక్ బ్యాండేజీ మాత్రం చుట్టొద్దు, కదిలేకొద్దీ బిగుసుకుంటుంది.

స్పీచ్_క్లినిక్:
స్పీచ్ థెరపిస్టుని. తూనీగ గారూ, ఆ మంట వస్తున్నా మాట్లాడుతూ పోవడం మంచిది కాదు. నొప్పి వచ్చిందంటే ఏదో కండరాన్ని అనవసరంగా బిగిస్తున్నారని. గొంతు గీరుకోవడం తగ్గించండి, కాల్‌కి కాల్‌కి మధ్య నీళ్లు గుటకేయండి. మూడు నాలుగు వారాలైనా బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

ఆపరేషన్ గురించి: స్వరతంత్రుల ముందుభాగాన్ని కలిపి కుట్టి పిచ్ పెంచుతారు. రెజొనెన్స్, మాట తీరు మారవు. స్వరం బిగ్గరగా రాకపోయే అవకాశం ఉంది, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మౌనం పాటించాలి. ఫోన్ ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి సెలవు చూసుకోకుండా తొందరపడొద్దు. ముందు థెరపీయే చేయించుకోమంటాను. ట్రాన్స్‌జెండర్ వైద్యానికి డబ్ల్యూపాత్ సంస్థ 2022లో విడుదల చేసిన ప్రమాణాల ఎనిమిదో కూర్పులో గొంతుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మీ ఊళ్లో థెరపిస్టుకి ఇది కొత్తయితే అది చదవమని చెప్పండి, చిన్నతనం అనుకోరు.

తూనీగ:
అందరికీ థాంక్స్. కుక్కపిల్లలా రొప్పుతుంటే చెల్లి తలుపు తీసి చూసి, ఏమీ అడగకుండా మళ్లీ మూసేసింది. గుసగుస సాధన మాత్రం నానమ్మకు ఇంకా దొరకలేదు. ఇంకొక్క మాట: గొంతు కుదిరేలోపు ఆఫీసులో ఏం చేయను? రోజూ ఆ ‘సార్’ వింటూ కూర్చోలేను.

మొండిపెన్సిల్:
పేరు చివర్లో కాదు, మొదట్లోనే చెప్పు: “నమస్కారం, నేను ఫలానా, సర్వీస్ విభాగం నుంచి.” అవతలివాళ్లు ఏదో ఒకటి అనేసుకోకముందే పేరు చెవిలో పడాలి. అయినా ‘సార్’ అంటే ఒక్కసారి “మేడమ్ అండి” అని, ఆగకుండా “మెషిన్ మోడల్ నంబర్ చెప్పండి” అనెయ్. వాళ్లకు కావలసింది మెషిన్ తిరగడమే, నీతో వాదన కాదు. సూపర్‌వైజర్‌కి ఒక మెయిల్ పెట్టి, చాట్‌లోనో మెయిల్‌లోనో వచ్చే ఫిర్యాదులు కొన్ని రోజులు నీకు వేయమని అడుగు. మాటతో అడిగితే మర్చిపోతారు, మెయిల్ ఉంటే రేపు గుర్తు చేయడానికి పనికొస్తుంది.