టిఫిన్ హోటల్లో గ్లూటెన్ పడనివాళ్లకి దోశ వేయాలంటే మాస్టర్‌కి ఏం నేర్పాలి?

ప్రశ్న:
40 సీట్ల టిఫిన్ హోటల్. ఇడ్లీ, దోశ, పెసరట్టు, రవ్వదోశ, మైసూర్ బజ్జీ, పూరీ ఉంటాయి. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు అడిగితే సప్లయర్లు "దోశ బియ్యమే కదండీ, తినండి" అనేస్తున్నారు. ఇది సరేనా? రెండో పెద్ద పెనానికి చోటు లేదు.

జవాబు 1:
సరి కాదు. పిండి బియ్యం, మినప్పప్పే, కానీ పెనం రవ్వదోశది కూడా. రవ్వదోశలో బొంబాయి రవ్వ, మైదా ఉంటాయి, రెండూ గోధుమవే. నీళ్లు చల్లి చీపురుతో ఊడిస్తే పోదు. పుల్లల మధ్య ఇరుక్కున్న రవ్వ తర్వాతి దోశకి అంటుకుంటుంది. "అంత వేడికి అన్నీ చస్తాయి" అంటారు మాస్టర్లు. చావడానికి గ్లూటెన్ క్రిమి కాదు, ప్రొటీన్.

12 అంగుళాల కొత్త ఇనుప పెనం కొని చిన్న పొయ్యి మీద పెట్టండి. పాతది వద్దు, నల్లగా గట్టిపడిన పొరలో పాత పిండి ఉంటుంది. అట్లకాడ, గరిటె, నూనె గిన్నె దానికే కేటాయించి పిడులకి నీలం టేపు చుట్టండి. పొద్దున రవ్వదోశ పిండి కలపకముందే మామూలు దోశ పిండి కొంత మూత డబ్బాలోకి తీసి పై అరలో పెట్టాలి. కింద పెడితే మైదా రాలుతుంది. బజ్జీలు వేగిన నూనెలో వేసిన గారెలు కూడా ఇవ్వకూడదు.

జవాబు 2:
అసలు దొంగ ఇంగువ. పొడి ఇంగువల్లో చాలావాటికి మైదా కలుపుతారు, డబ్బా వెనక చదవండి. అంటే సాంబారు, చట్నీ పోపు, కారప్పొడి అన్నీ అనుమానమే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెచ్చి హోటల్ మొత్తానికి అదే వాడండి. రెండు రకాలు పెట్టుకుంటే హడావుడిలో చేతికందిందే పడుతుంది. గోధుమలు ఆడే మరలోనే బియ్యప్పిండి ఆడిస్తే మాత్రం ఈ శ్రమంతా దండగ.

డబ్బాల మీద ఉత్త "రవ్వ" అని రాయకండి. "ఇడ్లీ రవ్వ", "బొంబాయి రవ్వ" అని పూర్తిగా రాయండి. పెసరట్టు ఇవ్వొచ్చు, ఉప్మా పెసరట్టు ఇవ్వకూడదు. శానిటైజర్ పిండిని కడగదు, సబ్బూ నీళ్లే దిక్కు. పూరీ పిండి ముట్టుకున్న గ్లవ్స్ తీసేయాలి.

జవాబు 3:
సప్లయర్లకి ముందు నేర్పాల్సిన మాట: "కనుక్కుని చెప్తానండీ." కేఓటీ (వంటగదికి పంపే ఆర్డర్ చీటీ) మీద "గోధుమ వద్దు" అని రాసి, నోటితోనూ చెప్పి, మాస్టర్ ఆ మాట తిరిగి అన్నాకే కదలాలి. ఆ ప్లేటు ఒక్కటే తేవాలి, పూరీల ట్రేలో కాదు.

పల్లీలు పడనివాళ్ల సంగతి ఇంకా ప్రమాదం. రెండు చట్నీ బకెట్లకీ ఒకే గరిటె తిరుగుతుంటుంది. చిక్కదనానికి కొబ్బరి చట్నీలోనూ పల్లీలు వేస్తుంటే అడగకముందే చెప్పాలి. గానుగ వేరుశనగ నూనెలో ప్రొటీన్ మిగిలే ఉంటుంది. జీడిపప్పు పడనివాళ్లకి పొంగల్లోంచి పలుకులు ఏరేసి ఇవ్వకూడదు, కొత్తగా చేయాలి. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి, మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు.

మెనూలో "గ్లూటెన్ ఫ్రీ" అని మాత్రం వేయించకండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్, ల్యాబ్ పరీక్ష లేకుండా ఆ మాట అనలేరు. "గోధుమ కలపలేదు, విడి పెనం మీద వేశాం, వంటగదిలో మైదా వాడతాం" అని చెప్పండి. తినాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.