కాంట్రాస్ట్ ఎక్కాక ఛాతీనొప్పి: అలర్జీ మందిచ్చి పంపేస్తే సరిపోతుందా?

బ్రాడీపేట కుర్రాడు, గుంటూరు
మా బాబాయికి ఇక్కడే ఒకచోట సీటీ స్కాన్‌లో కాంట్రాస్ట్ (లోపలి భాగాలు స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ ఉన్న మందు, డై అంటారు) ఎక్కించారు. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, ఛాతీ పట్టేసింది. అలర్జీ ఇంజెక్షన్ చేసి, నొప్పి గ్యాస్ వల్లేనని ఇంటికి పంపేశారు. ఈసీజీ కూడా తియ్యలేదు. ఇది ముమ్మాటికీ తప్పు. అలర్జీలో మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలు వదిలే హిస్టమిన్ లాంటి రసాయనాలు చర్మం దగ్గరే ఆగవు, గుండె రక్తనాళాలనూ బిగించగలవు. బాగున్న నాళం ముడుచుకుపోవచ్చు, పాత పూడిక పగలొచ్చు, స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. గ్రీసు వైద్యుడు కౌనిస్ 1991లోనే ఈ సంగతి వివరించాడు, జబ్బుకు ఆయన పేరే పెట్టారు, కౌనిస్ సిండ్రోమ్ అని. దద్దుర్లూ ఛాతీనొప్పీ కలిసొస్తే ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండ దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష) చేసి తీరాలి.

సూర్యారావుపేట టెక్నీషియన్
మీ బాధ అర్థమైంది గానీ, ఇలా రాస్తే జనం స్కాన్ అంటేనే పారిపోతారు. ఇప్పుడు వాడే నాన్ అయానిక్ రకం కాంట్రాస్ట్ మందులతో తీవ్రమైన రియాక్షన్ 10,000 మందిలో సుమారు నలుగురికి. గుండె దాకా వెళ్ళేవి ఇంకా అరుదు. మందు ఎక్కగానే ఒళ్ళు వేడెక్కడం మామూలే, భయంతో దడ వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. అందరికీ ఈసీజీ అంటే కుదిరే పనేనా? రొయ్యలు పడతాయా అని ముందే అడుగుతున్నాం కదా.

బ్రాడీపేట కుర్రాడు
అందరికీ అనలేదండీ, ఛాతీనొప్పి అన్నవాళ్ళకే. ఇక ఆ రొయ్యల ప్రశ్న దండగ. రొయ్యలు పడకపోవడం వాటిలోని ప్రోటీన్ వల్ల, కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్ వల్ల కాదు. ఇంతకుముందు కాంట్రాస్ట్‌తో ఇబ్బంది పడ్డారా, ఆస్తమా ఉందా అని అడగండి.

క్యాజువాలిటీ డాక్టర్, బెజవాడ
కుర్రాడి మాటే సబబు, ఒక్క సవరణ. బీపీ పడిపోయి ఊపిరాడకపోతే ఈసీజీ కోసం ఆగొద్దు. పెద్దవాళ్ళకు అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండలో వెంటనే పడాలి. అది గుండె నాళాన్ని ఇంకా బిగిస్తుందేమోనన్న భయం ఉత్తది కాదు, ముఖ్యంగా నరంలోకి ఎక్కువగా ఇస్తే. అలాగని ఆలస్యం చేస్తే మనిషే పోతాడు. ఒకరు ఇంజెక్షన్ చేస్తుంటే ఇంకొకరు ఈసీజీ తీగలు తగిలించాలి. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకు ఇచ్చే ఒక రకం మాత్ర) వాడేవాళ్ళకు అడ్రినలిన్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, అప్పుడు గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ కావాలి. అందుకే స్కాన్‌కు ముందే వాళ్ళు వాడే బీపీ మాత్రల చీటీ చూడాలి.

సూర్యారావుపేట టెక్నీషియన్
చీటీ చూడటం మా చేతిలో పనే, ఒప్పుకుంటాను. ట్రోపోనిన్ మాత్రం చిన్న సెంటర్లలో ఉండదు, పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

క్యాజువాలిటీ డాక్టర్, బెజవాడ
పంపండి, కానీ అంబులెన్స్‌లో పంపండి, ఆటోలో కాదు. కాగితం మీద "డై పడలేదు" అని వదిలెయ్యకుండా ఎక్కించిన కాంట్రాస్ట్ ఐయోహెక్సాల్ అయినా, ఐయోడిక్సనాల్ అయినా దాని పేరు రాయండి. మళ్ళీ స్కాన్ తప్పనిసరైతే వేరే మందు ఎంచుకోవడానికి మాకు ఆ పేరే ఆధారం.