క్యాంపస్‌లో కాలేజీలు ఎత్తేసి స్కూళ్లు పెడితే బాగుపడుతుందా? ప్రిన్సిపాల్, డీన్ ఇద్దరూ అవసరమా?

లింగంపల్లి లోకల్:

సూటిగా అడుగుతున్నా. ఉస్మానియా, ఆంధ్రా లాంటి పాత యూనివర్సిటీల క్యాంపస్‌లలో ఆర్ట్స్, సైన్స్, లా, ఇంజనీరింగ్ అంటూ విడివిడి కాలేజీలు, ఒక్కోదానికి ఒక ప్రిన్సిపాల్ ఇంకా ఎందుకు?

ఉస్మానియానే చూడండి. శాఖకు ఒక హెడ్. ఆ సబ్జెక్టు సిలబస్ తేల్చే కమిటీకి, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు, ఛైర్‌పర్సన్. పైన ఫ్యాకల్టీకి, అంటే సైన్స్, ఆర్ట్స్ లాంటి సబ్జెక్టుల విభాగానికి, డీన్. వీళ్లు చాలరన్నట్టు కాలేజీకి ప్రిన్సిపాల్. 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చిన మా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ తంటా లేదు. అక్కడ ఇలా విడివిడి కాలేజీలు లేవు. స్కూలు అంటే పిల్లల బడి కాదు, దగ్గరి శాఖల గుంపు. దానికో డీన్, కింద శాఖలకు హెడ్‌లు. ఫిజిక్స్, కెమిస్ట్రీలకైతే స్కూలే శాఖ, మధ్యలో ఇంకో మెట్టు కూడా లేదు. నేను అక్కడే చదివాను కాబట్టి అటు మొగ్గు ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

దగ్గరి దగ్గరి శాఖలను కలిపి ఏడెనిమిది స్కూళ్లు చేయాలి. ప్రిన్సిపాల్ పదవి తీసేయాలి. ఖర్చు పెట్టే అధికారం డీన్ చేతికి ఇవ్వాలి. 1939లో ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీ భవనం ఎక్కడికీ పోదు, సెల్ఫీలు దిగేవాళ్లు కంగారు పడక్కర్లేదు.

పాత ఫైలు:

బాబూ, నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో అటెండర్ల హాజరు పట్టీ దగ్గర్నుంచి అకడమిక్ సెక్షన్ దాకా చేసి రిటైర్ అయినవాణ్ణి. మీరు డీన్‌నీ ప్రిన్సిపాల్‌నీ ఒకే పని చేసే ఇద్దరు మనుషులనుకుంటున్నారు. కాదు.

డీన్ క్యాంపస్ మనిషి కాదు, ఫ్యాకల్టీ మనిషి. సైన్స్ డీన్ చూసే సిలబస్ క్యాంపస్‌లో ఉన్న పిల్లలకే కాదు, ఆ యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీకీ వర్తిస్తుంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూడా అంతే. ప్రిన్సిపాల్‌ది ఇల్లు చూసుకునే పని. జీతాల బిల్లు, లీవులు, బోనఫైడ్, టీసీ, వాన పడితే కారే ల్యాబ్ పైకప్పు, రాత్రి పదకొండింటికి మెస్ ముందు ధర్నా. ధర్నా దగ్గరికి డీన్ వచ్చిన రోజు నా సర్వీసులో చూడలేదు.

మీ సెంట్రల్ యూనివర్సిటీకి అనుబంధ కాలేజీల బరువు లేదు. అందుకే అక్కడ డీన్‌కు రెండు పనులూ ఇమిడాయి. ఇక్కడ డీన్‌కే ఇల్లూ అప్పజెబితే, బయట కాలేజీలకు సిలబస్ చూడాల్సిన మనిషి క్యాంపస్‌లో నల్లా నీళ్ల గురించి మీటింగులు పెట్టుకుంటూ కూర్చుంటాడు.

నాలుగో సంతకం:

సార్, మీరు చెప్పింది ఆఫీసు వైపు నుంచి కరెక్టే. ఫైలు పట్టుకుని తిరిగేవాడి వైపు నుంచి చెప్తా. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, ఇంకా థీసిస్ సబ్మిట్ చేయాలి.

ఫెలోషిప్ మీద హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, క్లెయిం. గైడ్ సంతకం పెట్టారు, హెడ్ పెట్టారు. కాలేజీ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ఇచ్చా. ప్రిన్సిపాల్ పని మీద వేరే ఊళ్లో, క్యాంపులో ఉన్నారు. ఇన్‌ఛార్జి ఇచ్చిన ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే, “రొటీన్ ఫైళ్ల వరకే నాకు ఇచ్చారు, డబ్బుల కాగితం మీద నేను పెట్టను” అన్నారు. ప్రిన్సిపాల్ తిరిగొచ్చేసరికి సెక్షన్‌లో క్లర్కు సెలవు. కాగితం బీరువాలో, తాళం క్లర్కు దగ్గర. ఆ క్వార్టర్ గడువు దాటింది. తర్వాతి క్వార్టర్‌లో కలిపి పెట్టుకోమన్నారు. రూమ్ ఓనర్‌కు ఆ మాట చెప్తే ఊరుకుంటాడా?

ఆ పోస్టు పేరు డీన్ అయినా, ప్రిన్సిపాల్ అయినా, ఇంకేదైనా నాకు ఒకటే. ఒక మనిషి సీట్లో లేకపోతే పని ఆగకూడదు, అంతే.

కాకినాడ కాజా:

మా జేఎన్‌టీయూ కథ ఇక్కడ పనికొస్తుందండి. 1972లో కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలను ఒక యూనివర్సిటీ కిందకు తెచ్చారు. 2008లో మళ్లీ మూడు ముక్కలు చేశారు, ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్‌కు హైదరాబాద్‌లో నాలుగోది పెట్టారు. 2022లో విజయనగరం కాలేజీని గురజాడ పేరుతో ఇంకో జేఎన్‌టీయూ చేశారు. కలపడం, విడదీయడం రెండూ చూసేశాం.

వీటన్నిటిలో చెక్కుచెదరనిది కాలేజీ ఒక్కటే. కాకినాడ కాలేజీ 1946 నాటిది, దాని నెత్తిన ఉన్న యూనివర్సిటీ కంటే పాతది. మా నాన్నగారి బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ “ఇంజనీరింగ్ కాలేజీ” అనే అంటారు, యూనివర్సిటీ అని నోట రాదు. పూర్వ విద్యార్థులు ల్యాబ్‌కు డబ్బు పంపితే కాలేజీ పేరు చూసి పంపుతారు. లింగంపల్లి గారు చెప్పినట్టు దాన్ని తీసి “స్కూల్ ఆఫ్ ఫలానా సైన్సెస్” అని బోర్డు పెడితే ఆ చందాలు ఎవరి పేరున అడుగుతారు?

లింగంపల్లి లోకల్:

చందాల సంగతి ఒప్పుకుంటా, పేరు ఉంచుకోండి, అభ్యంతరం లేదు. కానీ మీ జేఎన్‌టీయూ ఉదాహరణ నా వైపే వస్తుంది. మన దగ్గర ఒక కాలేజీ ఇబ్బంది పడితే దాన్ని యూనివర్సిటీ లోపల సర్దడం రాదు, బయటికి తీసి ఇంకో యూనివర్సిటీ చేయడమే వచ్చు. 1964లో వ్యవసాయ కాలేజీలు వెళ్లాయి. 1986లో మెడికల్ కాలేజీలన్నీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందకు పోయాయి. ఆ వ్యవసాయ యూనివర్సిటీలోంచే 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం వేరుపడ్డాయి. ప్రతిసారీ ఒక వీసీ, ఒక రిజిస్ట్రార్, ఒక పరీక్షల విభాగం, కార్లు. లోపలే స్కూళ్లుగా సర్దుకుంటే ఈ ఖర్చంతా మిగిలేది.

గిత్తల డాక్టర్:

పశువైద్యం మాట వచ్చింది కాబట్టి. వేరుపడ్డాక మాకు మేలు జరగలేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. వ్యవసాయంతో కలిసి ఉన్నప్పుడు బడ్జెట్ మీటింగులో వరి, పత్తి అయిపోయాక మిగిలిన ఐదు నిమిషాలు మావి. అయితే రాజేంద్రనగర్‌కు వచ్చి చూడండి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడే, పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఇక్కడే. పశుగ్రాసం మీద ఇద్దరు కలిసి పని చేయాలంటే, ఒకప్పుడు టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్లు ఇప్పుడు ఎంవోయూ, అంటే ఒప్పంద పత్రం, రాసుకోవాలి. లాభం, నష్టం రెండూ నిజమే.

కోఠి అక్క:

కాలేజీని యూనివర్సిటీగా మార్చడం గురించి మాట్లాడేవాళ్లు కోఠి ఉమెన్స్ కాలేజీని ఒకసారి తలచుకోవాలి. 1924లో మొదలైన కాలేజీ, ఆ తర్వాత రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది, ఉస్మానియాలో భాగంగా దశాబ్దాలు నడిచింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు వచ్చింది. అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక యూనివర్సిటీ, అదీ ఐలమ్మ పేరుతో రావడం నాకైతే సంతోషమే.

పేరు మార్చడానికి ఒక నిర్ణయం చాలు. కానీ అప్పటిదాకా పెద్ద యూనివర్సిటీ చేసిపెట్టిన పనులు చాలా ఉంటాయి. పరీక్షలు, మూల్యాంకనం, పట్టాలు, పీహెచ్‌డీ నిబంధనలు, సర్వీసు రూల్స్, యూజీసీ ఉత్తరప్రత్యుత్తరాలు. కాలేజీకి అలవాటు లేని పనులివి. స్కూళ్లుగా మార్చినా ఇదే ప్రశ్న వస్తుంది. ఉన్న బ్యాచ్‌ల మెమో మీద ఏ పేరు ఉంటుంది? పాతవాళ్లు డూప్లికేట్ సర్టిఫికెట్ అడిగితే ఏ ఆఫీసు ఇస్తుంది? దుబాయ్ నుంచి వెరిఫికేషన్ మెయిల్ వస్తే ఎవరు జవాబు రాస్తారు? వీటికి జవాబు రాసిపెట్టాకే మీ ఏడెనిమిది స్కూళ్ల గీతలు గీయండి.

గంటల లెక్క:

అందరూ నలుగురు మనుషులున్నారనుకుని కొట్టుకుంటున్నారు. అన్నా, ఏ కాలంలో ఉన్నారు?

నేను కాంట్రాక్ట్ మీద చెప్తున్నా, ఏ యూనివర్సిటీ అనేది వదిలేయండి. మా శాఖలో రెగ్యులర్ ప్రొఫెసర్ ఒక్కరు. ఆయనే హెడ్, ఆయనే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఛైర్‌పర్సన్. పోయిన ఏడాది ఆయన్నే డీన్‌నీ చేశారు. ఒక స్కాలర్ కాగితం తెస్తే డ్రాయర్‌లోంచి మూడు స్టాంపులు తీస్తారు. హెడ్‌గా “ఫార్వర్డెడ్”, ఛైర్‌పర్సన్‌గా “రికమెండెడ్”, డీన్‌గా “అప్రూవ్డ్”. ఒకే పెన్ను. మధ్యలో ఆఫీసువాళ్లు అవుట్‌వర్డ్ నంబర్ వేసి, మళ్లీ అదే టేబుల్ మీదికి ఇన్‌వర్డ్ నంబర్‌తో తెస్తారు. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేకపోతే ఏ నిర్మాణమైనా ఇలాగే తయారవుతుంది. ఒకళ్లిద్దరు మిగిలిన శాఖలను స్కూలు కింద కలపడం నాకు ఇష్టమే, పీజీ క్లాసు నడవాలంటే మరో దారి లేదు. నా భయం వేరే. మూడు శాఖలు కలిపి ఒకటి చేశాక, ఆ మూడింటి ఖాళీ పోస్టులు కూడా కలుస్తాయా, మాయమవుతాయా? “వర్క్‌లోడ్ లేదు” అని ఫైలు మీద ఒక ముక్క రాస్తే చాలు.

పాత ఫైలు:

స్టాంపుల మాట నిజం, నవ్వొచ్చినా నిజం. పోస్టుల భయమూ ఉత్త భయం కాదు. రోస్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను.

రోస్టర్ అంటే ఎన్నో పోస్టు ఏ వర్గానికో చెప్పే వరుస పట్టిక, అందులో ఒక్కో వరుస ఒక పాయింట్. ఆ రిజర్వేషన్ రోస్టర్‌కు ఏది యూనిట్, అంటే ఎక్కడి పోస్టులను కలిపి లెక్కపెట్టాలి అన్నదే పెద్ద గొడవ. 2017లో అలహాబాద్ హైకోర్టు శాఖనే యూనిట్‌గా చూడాలంది. 2018లో యూజీసీ ఆ ప్రకారం ఉత్తర్వు ఇచ్చింది. శాఖలో ఇద్దరో ముగ్గురో ఉంటే రోస్టర్ పాయింట్ ఎస్సీ, ఎస్టీల దాకా రానే రాదు. దేశమంతా ఆందోళన అయ్యాక 2019లో ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చి, కేంద్ర సంస్థల్లో మొత్తం సంస్థే యూనిట్ అన్నారు. అది కేంద్ర సంస్థలకు. రాష్ట్ర యూనివర్సిటీలో రేపు శాఖలు తీసి స్కూళ్లు చేస్తే, ఏ పాయింట్ దగ్గర ఆగిన రోస్టర్‌ను ఎక్కడ మొదలుపెడతారన్నది ముందే తేల్చకపోతే ప్రతి నోటిఫికేషన్ కోర్టు మెట్లెక్కుతుంది.

ఇంకొకటి. 1991 యూనివర్సిటీల చట్టం ప్రకారం మన రాష్ట్ర యూనివర్సిటీల్లో అధికారం వీసీ చుట్టూ, పాలకమండలి చుట్టూ తిరుగుతుంది. 2024లో మే నుంచి అక్టోబరు దాకా తెలంగాణ యూనివర్సిటీల్లో వీసీలు లేక ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జిలుగా ఉన్నారు. సెక్రటేరియట్‌లో శాఖ చూసుకుంటూ క్యాంపస్ చూడటం ఎవరివల్ల అవుతుంది? అలాంటప్పుడు అడ్మిషన్లు, హాస్టళ్లు కిందిస్థాయిలో ఎవరో ఒకరు పట్టుకోవాలి. ప్రిన్సిపాల్ అనే మెట్టు తీసేస్తే, పైన కుర్చీ ఖాళీ అయిన రోజు కింద నిలబడేవాడు ఉండడు.

లింగంపల్లి లోకల్:

సరే, రోస్టర్ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అది గట్టి పాయింటే. డీన్‌కు బయట కాలేజీల బరువు ఉందన్నది మాత్రం నాకు సగమే ఒప్పుదల. 2020 జాతీయ విద్యా విధానం అనుబంధ పద్ధతినే పదిహేనేళ్లలో దశలవారీగా ఎత్తేయాలంది. కాలేజీలు స్వయంప్రతిపత్తితో పట్టాలిచ్చే రోజు వస్తే, ఆ డీన్‌కు క్యాంపస్ తప్ప ఇంకేం మిగులుతుంది? అప్పుడు ప్రిన్సిపాల్, డీన్ ఒకే గదికోసం తగువు పడతారు.

అందుకే నా ప్రతిపాదన తగ్గించుకుంటున్నా. కాలేజీ పేరు, ప్రిన్సిపాల్ ఉండనివ్వండి. ఒకే సబ్జెక్టు కుటుంబంలోని చిన్న శాఖలకు ఉమ్మడి బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెట్టండి. స్కాలర్ డబ్బుల కాగితం హెడ్ దగ్గర మొదలై ప్రిన్సిపాల్ ఆఫీసులో ముగియాలి, ఇన్‌ఛార్జి ఉత్తర్వులోనే ఆర్థిక అధికారం కూడా రాసివ్వాలి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

కాకినాడ కాజా:

పదిహేనేళ్లంటే 2035. అప్పటికి మా జిల్లాలో ఎన్ని కాలేజీలు సొంతంగా పట్టా ఇచ్చే స్థితికి వస్తాయో మీరే చెప్పండి గురువుగారూ. అనుబంధం ఉంటుందనుకునే ఇల్లు కట్టుకుందాం.

గంటల లెక్క:

సర్క్యులర్ వరకు ఓకే. ఉమ్మడి బోర్డుకు మాత్రం ఒక షరతు. కలిపే ప్రతి శాఖకూ మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏ రోస్టర్ పాయింట్ దగ్గర ఆగింది, ఈ మూడూ ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది పెట్టకుండా “ముందు కలుద్దాం, తర్వాత చూద్దాం” అంటే, మీటింగుకు వస్తాను, టీ తాగుతాను, మినిట్స్ మీద మాత్రం సంతకం పెట్టను.