ప్యానెల్‌లో పేరు చేరితే పని ఖాయమేనా?

ప్రశ్న: నమస్కారం. బెంగళూరు జయనగర్‌లో నేనూ నా భార్యా చిన్న ఆర్కిటెక్ట్ సంస్థ నడుపుతున్నాం. ఒక ప్రభుత్వ రంగ సంస్థ రాబోయే పనుల కోసం కన్సల్టెంట్ల ప్యానెల్‌కు దరఖాస్తులు పిలిచింది. ఎంపికైతే పని వస్తుందన్న భరోసా ఉంటుందా? పత్రాల విషయంలో ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు: భరోసా ఉండదండీ. ప్యానెల్ అంటే అర్హుల జాబితా మాత్రమే. పనులను వంతులవారీగా ఇస్తారా, లేక ప్రతి పనికీ జాబితాలోని వారందరి నుంచి ధరలు పిలుస్తారా అన్నది ప్రకటనలో రాశారో లేదో ముందు చూడండి. లేకపోతే గడువులోగా లిఖితపూర్వకంగా అడగండి. దరఖాస్తు రుసుము కట్టే ముందే తేల్చుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

జవాబు: అనుభవానికి వర్క్ ఆర్డర్ ఒక్కటే జతచేస్తే సాధారణంగా చాలదు. పని విలువ, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, క్లయింటు సంతకం, ముద్ర ఉన్న, పని పూర్తయిందని చెప్పే ధ్రువపత్రం అడుగుతారు. ప్రైవేటు క్లయింటుకు చేసిన పనైతే, ఆ సొమ్ము నిజంగా చేతికి వచ్చిందని చూపే టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే మినహాయించిన పన్ను) ధ్రువపత్రాలు కూడా చాలాచోట్ల కోరతారు కాబట్టి వాటిని ఇప్పుడే తీసి పెట్టుకోండి. టర్నోవర్ పత్రం మీద చార్టర్డ్ అకౌంటెంట్ యూడిన్ నంబరు, అంటే ఆ ఒక్క పత్రానికే చెందే గుర్తింపు సంఖ్య, ఉండాలి. 2019 నుంచి అది తప్పనిసరి.

జవాబు: ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972 కింద మీ ఇద్దరి నమోదూ చెల్లుబాటులో ఉందో లేదో కూడా సరిచూసుకోండి.