సిల్వర్ నానో పార్టికల్స్: సెల్స్ చచ్చిపోయాయి, ఎంటీటీ పరీక్ష మాత్రం 115 శాతం బతికాయంటోంది

ప్రశ్న:
నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. తెలుగులో రెండూ కణాలే కాబట్టి సెల్స్, పార్టికల్స్ అనే రాస్తున్నాను. ఏ549 ఊపిరితిత్తుల సెల్స్ మీద 20 నానోమీటర్ల సిల్వర్ వేసి, 24 గంటలయ్యాక ఎంటీటీ చేశాను (బతికున్న సెల్స్ ఎంటీటీ అనే పసుపు రంగును ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి; ఊదా ఎంత ముదిరితే అన్ని బతికినట్టు). సిల్వర్ వేయని సెల్స్‌తో పోలిస్తే, మిల్లీలీటరుకి 25 మైక్రోగ్రాముల దగ్గర 70 శాతం బతికాయి, 50 దగ్గర 58. కానీ 100 దగ్గర 115! మైక్రోస్కోపులో చూస్తే ప్లేటులోని అవే వెల్స్‌లో (చిన్న గుంటల్లో) సెల్స్ గుండ్రంగా ముడుచుకుపోయి, అడుగు వదిలేసి తేలుతున్నాయి. మూడుసార్లు చేసినా ఇంతే. సోమవారం గైడ్‌గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఆ పాయింటు తీసేయమని సీనియర్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు 1:
అక్కగా చెబుతున్నా, ఆ పాయింటు తీసేయకండి. ప్లేటు పైకెత్తి లైటుకి పట్టి అడుగునుంచి చూడండి. ఊదారంగు కింద బూడిదరంగు మడ్డి ఉందా? అది వెండి. విడివిడిగా ఉన్న సిల్వర్ పార్టికల్స్ 400 నానోమీటర్ల దగ్గర వెలుగును పీలుస్తాయి. గుంపు కట్టాక ఆ పీలుపు మనం ఊదారంగు రీడింగ్ తీసే 570 దాకా సాగుతుంది, అదీ బతికిన సెల్స్ లెక్కలో కలిసిపోతుంది. సెల్స్ లేకుండా మీడియం (సెల్స్ పెరిగే పోషక ద్రవం), పార్టికల్స్, ఎంటీటీ మాత్రమే వేసిన వెల్స్ పెట్టారా? కార్బన్ నానోట్యూబ్స్‌తో దీనికి తలకిందులుగా జరుగుతుంది: ఫార్మజాన్ ట్యూబులకి అంటుకుని కరగదు, బతికిన సెల్స్ చచ్చినట్టు కనిపిస్తాయి. ఒక జర్మన్ బృందం 2006లోనే ఇది చూపించింది.

ఎల్‌డీహెచ్ పరీక్షకి (దెబ్బతిన్న సెల్స్ నుంచి బయటికి కారే ఎంజైమును కొలిచేది) మారితే సరిపోతుందనుకోకండి. వెండి నుంచి కరిగి వచ్చే సిల్వర్ అయాన్లు ఆ ఎంజైమునే పని చేయనివ్వవు. అది తెలియక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

జవాబు 2:
సీసా మీద 20 అని ఉన్నా మీ మీడియంలో పార్టికల్స్ సైజు ఎంత ఉందో డీఎల్‌ఎస్‌లో (వెలుగు చెదిరే తీరుని బట్టి సైజు కొలిచే పద్ధతి) చూశారా? మీడియంలోని ఉప్పుకి అవి గుంపు కడతాయి, సీరం ప్రోటీన్లు పైన పొరలా పట్టేస్తాయి. పెద్ద గుంపులు త్వరగా అడుగుకి దిగి సెల్స్ మీద పడతాయి. అంటే మీరు పోసిన డోసు వేరు, సెల్స్‌కి అందింది వేరు. ఇంకోటి, కరిగిన అయాన్ల వాటా ఎంతో తేల్చాలి. అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో పార్టికల్స్ దింపేసి, పైతేటను, అంటే కరిగిన అయాన్లు మిగిలిన ద్రవాన్ని, విడిగా సెల్స్ మీద వేయండి.

ప్రశ్న అడిగిన నేనే:
అక్కా, మీరు చెప్పిందే! 100 డోసులో సెల్సే లేని వెల్స్ ఓడీ (ఎంత వెలుగు పీల్చిందనే రీడింగ్) 0.55 వచ్చింది. సిల్వర్ వేయని సెల్స్‌దే 0.80. ఫార్మజాన్ కరిగాక ప్లేటు సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవం కొత్త ప్లేటులోకి తీసి చదివితే 115 కాస్తా 31కి దిగింది. పైతేట ఒక్కటే వేసిన సెల్స్ మాత్రం 74 శాతం బతికాయి. డీఎల్‌ఎస్‌లో 20 కాదు, 240. గైడ్‌గారికి పాత ప్లేటు, కొత్త ప్లేటు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. మిగతా చావు పార్టికల్స్ వల్లా, అవి సెల్ లోపలికి వెళ్లి అక్కడ కరగడం వల్లా? ఇప్పుడు సిల్వర్ నైట్రేట్ (పార్టికల్స్ లేకుండా అయాన్లే ఇచ్చే వెండి ఉప్పు) పక్కన పెట్టి అదే చూస్తున్నాను.